గురువారం పదో కుర్చీ

టేపు పట్టుకుని నేలమీద మోకాళ్ళతో పాకింది నేను. పైన నిలబడి "ఇంకొంచెం ఎడమకి, ఆఁ, ఇంకాస్త" అని ఆర్డర్లు వేసింది పెద్దాయన. సినగాగులో, అంటే యూదుల గుళ్ళో, కుర్చీకీ కుర్చీకీ మధ్య ఒకటిన్నర మీటరు ఎడం ఉండాలని హెల్త్ ఆఫీసు వాళ్ళ రూలు. పవిత్ర గ్రంథాలుండే బీరువా, హీటరు, నడిచే దారి పోను ఆ చిన్న హాల్లో సరిగ్గా పది కుర్చీలు పట్టాయి. పదకొండోది మూలకి నెట్టి చూశాను, అడ్డంగా పెట్టి చూశాను, తలుపు వెనక పెట్టి తలుపు మూసి కూడా చూశాను. ఊహుఁ. నా నడుం విరిగింది గానీ కుర్చీకి చోటు రాలేదు. పెద్దాయన మాత్రం తెగ సంబరపడిపోయాడు. "పది! సరిగ్గా పది! దేవుడి దయంటే ఇదే" అన్నాడు.

ఆ దయ ఎవరిమీదో అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

అప్పటికి నేను తూర్పు జర్మనీలో ఓ యూనివర్సిటీ ఊళ్ళో మాస్టర్స్ చదువుతున్నాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ తెగని ఆ గొడవలో నన్ను సాక్షిగా పిలుస్తారు. కరోనాకి రెస్టారెంట్లు మూతపడి గిన్నెలు కడిగే నా మినీజాబ్ ఊడింది. నేను అద్దెకున్న ఇంటావిడ డెబ్బై దాటిన యూదు మనిషి. ఎప్పుడో ఉక్రెయిన్‌లోని ఒడెస్సా నుంచి వచ్చి స్థిరపడింది. మా తెలుగు పిల్లలందరం ఆవిణ్ణి ఓనర్ ఆంటీ అనేవాళ్ళం. ఒకప్పుడు అక్కడి ఓడరేవులో క్రేన్ల ఇంజినీరట. గొంతు కూడా క్రేను గొంతే. "ఈ పిల్లకి కంప్యూటరు వచ్చు, పనీపాటా లేకుండా నా వైఫై తగలేస్తోంది" అని సినగాగు వాళ్ళకి చెప్పి, నాకక్కడ జూమ్ పెట్టే పని ఇప్పించింది. శనివారాలు ఒక్కపొద్దులుండే గుంటూరు ఇంటి పిల్లని, గురువారం సాయంత్రాలు సినగాగు గుమ్మంలో ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మకి చెప్పినప్పుడు "ఏదో ఒక గుళ్ళోనే ఉన్నావుగా, పోనీలే" అంది.

పదికి అంత సంబరం ఎందుకంటే, యూదులు కలిసి ప్రార్థన చెయ్యాలంటే కనీసం పదిమంది ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళని కూడా అందులో లెక్కపెడతారట. మా ఊళ్ళో మాత్రం పదిమందీ మగాళ్ళే. మామూలు రోజుల్లో ఆడవాళ్ళు హాలు వెనక తెర అవతల రెండు వరసల్లో కూర్చునేవాళ్ళు. కరోనా వచ్చి తెరనీ, వరసల్నీ తీయించేసింది. మిగిలినవి పది కుర్చీలు, కావలసింది పదిమంది మగాళ్ళు. లెక్క సరిపోయింది. ఆడవాళ్ళకి జూమ్! శనివారం పండగనాడు కరెంటు వస్తువులేవీ ముట్టుకోరు కాబట్టి ఆ జూమ్ కూడా గురువారం ఒక్కరోజే.

నా సంగతి ఇంకా చోద్యం. నేను స్టాఫు కాబట్టి గవర్నమెంటు లెక్కలో లేను. ఆడదాన్ని, పైగా హిందువుని కాబట్టి దేవుడి లెక్కలోనూ లేను. ఎవరూ లెక్కపెట్టని మనిషిగా గుమ్మంలో హాయిగా నిలబడేదాన్ని.

అలా ఉండగా ఓనర్ ఆంటీ వాళ్ళక్క ఒడెస్సాలో పోయింది. తల్లి చిన్నప్పుడే చనిపోతే ఆంటీని పెంచింది ఆ అక్కే. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. విమానాలు లేవు, బోర్డర్లు మూశారు, ఆంటీ ఆఖరిచూపుకి కూడా వెళ్ళలేకపోయింది. వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ నాతో చెప్పింది. ఏడవలేదు. "నాకు ఏడుపు రావడం లేదు పిల్లా, అది ఇంకా బతికే ఉన్నట్టుంది" అంది. పోయినవాళ్ళ కోసం చదివే ప్రార్థన ఒకటుంది, కద్దీష్ అంటారు. పదిమంది ఎదుట లేచి నిలబడి పైకి చదవాలి, వాళ్ళు ఆమెన్ అనాలి. ఒక్కళ్ళే గదిలో చదువుకుంటే కుదరదు. అక్కకి కద్దీష్ తనే చెప్పాలి. అదీ ఆవిడ పట్టు.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి "నాకో కుర్చీ కావాలి" అని అడిగింది. ఆయన సినగాగులో ప్రార్థన ఏర్పాట్లన్నీ చూసే మనిషి. ఒకప్పుడు కీవ్‌లో రైళ్ళ టైమ్‌టేబుళ్ళు వేసేవాడట. అన్నీ పద్ధతి ప్రకారం చెప్పుకొచ్చాడు.

"మీరు ఒక కుర్చీలో కూర్చుంటే మగాళ్ళు తొమ్మిదిమందే పడతారు. తొమ్మిదిమందైతే మిన్యాన్ లేదు. మిన్యాన్ లేకపోతే కద్దీష్ లేదు. కద్దీష్ లేకపోతే మీరు రావడం దేనికి?"

"అంటే నేను రాకపోతేనే నేను చెప్పాల్సిన కద్దీష్ కుదురుతుందంటారు."

"సరిగ్గా అర్థం చేసుకున్నారు" అన్నాడు ఆయన తృప్తిగా. తర్వాత కొంచెం మెత్తబడి, "మా ఆవిడకి ప్రతి గురువారం చదువుతున్నాగా, మీ అక్క పేరు కూడా తలుచుకుంటాను లెండి" అన్నాడు. ఆయన భార్య కూడా ఆ శీతాకాలం మొదట్లోనే పోయింది, హాస్పిటల్లో, అద్దం అవతల.

"మీరు మా అక్కని ఎప్పుడైనా చూశారా? ఆవిడ నా జుట్టు దువ్వేటప్పుడు మెడమీద దువ్వెనతో కొట్టేది. మీకా సంగతి తెలుసా?" అంది ఆంటీ. ఆయన కుర్చీల వైపు చెయ్యి చూపించాడు. పదకొండోది లేదు.

నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అంతకు కొన్నాళ్ళ ముందే మా అమ్మమ్మ పోయింది. మంచంలో ఉన్నన్నాళ్ళూ ఎత్తిందీ, దించిందీ, కడిగిందీ మా అమ్మ ఒక్కతే. ఒక్కగానొక్క కూతురు. తీరా కర్మ చెయ్యడానికి ఎక్కడో ఉన్న వేలువిడిచిన మేనమామని పోలీసు పాసు తెప్పించి మరీ బైకుమీద పిలిపించారు. ఆయన అమ్మమ్మని చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలీదు. మాస్కు గడ్డం కింద వేలాడేసుకుని, మధ్యలో నా వాట్సాప్ వీడియోలోకి చూసి "అమ్మడూ, సిగ్నల్ బావుందా?" అని అడిగాడు. మా అమ్మ వీధి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆవేళ ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

ఆంటీ గొడవ చెబితే మా అమ్మ కాసేపు ఆలోచించి, "వాళ్ళ దేవుడు కూడా మగాళ్ళనే లెక్కపెడతాడా? అయితే మనకి దగ్గరి చుట్టమేనే" అంది. ఆ తర్వాత మామూలే. "నీకెందుకా తగువు, నీ చదువేదో నువ్వు చూసుకో."

చూసుకుందామనే అనుకున్నాను. ఆ గురువారం చలి ఎముకలు కొరికేస్తోంది. గాలి ఆడాలని కిటికీలన్నీ బార్లా తీసిపెట్టాలి, అదొక రూలు. అందువల్ల లోపల అందరూ ఓవర్‌కోట్లలో, బొచ్చు టోపీల్లో, మఫ్లర్లలో, ముక్కులు మూసే తెల్ల మాస్కుల్లో బిగుసుకుపోయి ఉన్నారు. కళ్ళజోళ్ళన్నీ మసకలే. ఒకాయన మనవరాలి కీటాలో, అదే చంటిపిల్లల బడిలో, ఎవరికో పాజిటివ్ వచ్చి ఆయన క్వారంటైన్‌లో పడ్డాడు. తొమ్మిదిమందే వచ్చారు, ఒక కుర్చీ ఖాళీ. ఆంటీ నాతోపాటు గుమ్మంలో నిలబడి ఉంది, చూసి వెళ్ళిపోదామని. మోకాలు నొప్పి పుట్టి "ఒక్క నిమిషం" అంటూ వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. వేషమేమీ వెయ్యలేదు. చలికాలమంతా వేసుకునే కోటే, తలమీంచి ఎప్పుడూ తియ్యని టోపీయే.

యూదులు మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. అపచారం. అందుకని సరిగ్గా పది మాటలున్న ఒక వాక్యం చదువుతారు, మనిషికో మాట. వాక్యం పూర్తయితే మిన్యాన్ వచ్చినట్టు, కాకపోతే రానట్టు. పెద్దాయన కరోనా మొదలయ్యాక మనుషుల మొహాలు చూడడం మానేసి నిండిన కుర్చీలకే మాటలు పంచడం అలవాటు చేసుకున్నాడు. మొహాలు కనిపిస్తేగా! మొదటి మాట తనకి వేసుకుని, వేలు చూపిస్తూ మసక కళ్ళజోడుతో కుర్చీ నుంచి కుర్చీకి గబగబా వెళ్ళాడు. పదో మాట వెళ్ళి ఆంటీ మీద పడింది. వాక్యం పూర్తయింది. ఆయన బీరువా వైపు తిరిగి మొదలుపెట్టేశాడు.

నేను నోరెళ్ళబెట్టాను. ఆంటీ నావైపు చూసింది. లేవబోయింది. లేవలేదు.

కద్దీష్ దగ్గర పెద్దాయన లేచాడు. ఆంటీ కూడా లేచింది. పాడకూడదు, గట్టిగా చదవకూడదు, తుంపర్లు ఎగురుతాయని అదొక రూలు కాబట్టి అందరూ గొణగాల్సిందే. ఆవిడా గొణిగింది. మాస్కు వెనకనుంచి రెండు గొణుగుళ్ళు కలిసిపోయాయి. మగాళ్ళు ఆమెన్ అన్నారు. నేను మాత్రం ఎవరైనా పట్టుకుంటారేమోనని ఒక్కొక్కళ్ళనే చూస్తున్నాను.

ఎవరూ పట్టుకోలేదు. పైగా బయటికొచ్చాక పెద్దాయన నాతో, "ఆ కొత్తాయన పక్క ఊరి నుంచి వస్తున్నట్టున్నాడు. మాటకారి కాడు గానీ భక్తి ఉన్న మనిషి" అన్నాడు. నేను "యా, యా" అని కేబుల్ చుట్టుకుంటూ జారుకున్నాను.

ఆ తర్వాత ఆంటీ ప్రతి గురువారం వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంది. క్వారంటైన్ ఆయన తిరిగొస్తే ఇంకొకాయనకి దగ్గు. దగ్గాయన వస్తే ఇంకొకాయనకి టీకా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. ఎప్పుడూ తొమ్మిదిమందే తేలేవాళ్ళు. నిజం చెప్పాలంటే పదోవాడు ఎలాగూ వస్తున్నాడన్న ధీమాతోనే వాళ్ళు మానడం ఎక్కువైంది. "ఆ కొత్తాయన్ని చూసి నేర్చుకోండి, అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు" అని పెద్దాయన మిగతావాళ్ళకి గడ్డి పెట్టేవాడు. కొత్తాయన తల వంచుకుని కూర్చునేది.

అసలు తమాషా జూమ్‌లో జరిగింది. మగాళ్ళకి కనిపించంది ఆడవాళ్ళకి మొదటి పది నిమిషాల్లోనే కనిపించింది. ఆ కోటు కాలరూ, ఆ నిలబడే తీరూ వాళ్ళకి ముప్పయ్యేళ్ళుగా తెలుసు. అందరూ మ్యూట్‌లోనే ఉన్నారు కాబట్టి ఒక్కరూ నోరు విప్పలేదు. మర్నాటికి మాత్రం ఊరంతా ఫోన్లు తిరిగాయి. అంతకుముందు నలుగురైదుగురు ముసలమ్మలు కనిపించే నా స్క్రీను కాస్తా చిన్న చిన్న డబ్బాలతో నిండిపోయింది. ఇస్త్రీ బ్లౌజులు వేసుకుని, కొందరు లిప్‌స్టిక్ కూడా పెట్టుకుని వచ్చేవాళ్ళు. సీరియల్ మొదలయ్యే టైముకి టీవీ ముందు సర్దుకుని కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళు. వాళ్ళలో సగంమంది లోపలున్న మగాళ్ళ పెళ్ళాలే! "ఆడవాళ్ళలో భక్తి పెరుగుతోంది, జూమ్ మంచిదే" అని పెద్దాయన నన్ను మెచ్చుకున్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

ఒకరోజు ఇంట్లో ఆంటీని అడిగాను, ఇప్పుడు మనసు తేలికపడిందా అని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "దొంగతనంగా తిన్న అన్నం పిల్లా. కడుపు నిండినట్టే ఉంటుంది, నిండదు" అంది.

అంతలో కొత్త రూలు వచ్చింది. లోపలికి వెళ్ళేముందు ప్రతివాళ్ళూ గుమ్మం దగ్గరే ముక్కులో పుల్ల పెట్టుకుని టెస్ట్ చేసుకోవాలి. ఆ టెస్టులు చేయించే బాధ్యత ఎవరిది? ఎవరి లెక్కలోనూ లేని మనిషిది, ఇంకెవరిది. పెరట్లో బల్ల వేసి, ల్యాప్‌టాప్ దానిమీద పెట్టి, ఆడవాళ్ళని జూమ్‌లోకి రానిస్తూ, మగాళ్ళకి పుల్లలు పంచుతున్నాను. ముందే ఆంటీకి చెప్పాను, ఈవేళ రావద్దని. "వస్తాను" అంది, అంతే.

ఒక్కొక్కళ్ళే మాస్కు దించి, ముక్కులో పుల్ల తిప్పుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని తుమ్ముతున్నారు. కొత్తాయన వంతు వచ్చింది. పెద్దాయన పక్కనే నిలబడి, "ఇన్నాళ్ళకి మీ మొహం చూసే భాగ్యం కలుగుతోంది" అన్నాడు మర్యాదగా.

ఆంటీ మాస్కు దించింది. ముక్కులో పుల్ల పెట్టుకుని ఆయన కళ్ళలోకే చూస్తూ తిప్పింది.

"మీరా!" అన్నాడు పెద్దాయన. ఆయన మాస్కు కూడా జారిపోయింది.

ఇక చూడండి గోల. అందరూ ఒకేసారి అరవడమే, అదీ ఎవరి దూరంలో వాళ్ళు నిలబడి. రష్యన్‌లో కొందరు, జర్మన్‌లో కొందరు. గేటు దగ్గర కాపలా పోలీసు తొంగిచూసి, "కొంచెం మెల్లగా, పక్కింటివాళ్ళు కంప్లయింట్ ఇస్తారు" అని బతిమాలాడు. "మోసం!" అన్నాడు ఒకాయన. "నా పక్కనే కూర్చుంది, నాకెలా తెలుస్తుంది?" అన్నాడు ఇంకొకాయన. అప్పుడు బల్లమీంచి ఒక ఆడగొంతు, "మాకు మొదటి వారమే తెలుసు!" అంది. కంగారులో నేను మ్యూట్ పెట్టడం మర్చిపోయాను. "నీకు తెలుసా?" అని ఆ పక్క కుర్చీ ఆయన ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. ఆవిడ ఆయన పెళ్ళాం. "నేను వంటింట్లోంచి గుర్తుపట్టాను, నువ్వు మీటరున్నర దూరంలోంచి గుర్తుపట్టలేదు, ఇంకా నన్నంటావేం?" అంది. మిగతా డబ్బాలన్నీ పకపకా నవ్వాయి.

రబ్బీని, అంటే వాళ్ళ మతగురువుని, అడుగుదామన్నారు. ఆయన నాలుగైదు ఊళ్ళకి ఒక్కడే, ఎప్పుడూ రైల్లోనే ఉంటాడు. నా ఫోనులో స్పీకరు పెట్టి కలిపాను. కథంతా విని ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, "చూడండి, ఈ విషయంలో శాస్త్రం చెప్పేది చాలా స్పష్టంగా" అన్నాడు. లైను కట్టయింది. జర్మనీ రైళ్ళలో నెట్‌వర్క్ సంగతి చెప్పేదేముంది. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. జర్మన్‌లో ఒకావిడ అందుబాటులో లేరని చెబుతూనే ఉంది. ఆ స్పష్టమైనదేమిటో ఆ రాత్రికి ఎవరికీ తెలియలేదు. తర్వాత కమిటీ మీటింగ్ పెడతామన్నారు, దానికి ఇంకా టెర్మిన్ కుదరలేదు.

పెద్దాయన ఆంటీ వైపు తిరిగాడు. "మీరేం చేశారో తెలుసా? ఆ గురువారాలు ఒక్కటీ చెల్లదు. పదిమంది లేరు. మేం చేసింది ప్రార్థనే కాదు. ఒక్క ఆమెన్ చెల్లదు. ఒక్క కద్దీష్..."

అక్కడ ఆగిపోయాడు.

మొదట మాట మర్చిపోయాడనుకున్నాను. ఆయన మొహం చూశాక అర్థమైంది. ఆ గురువారాలన్నీ ఆయన లేచి చదివింది వాళ్ళావిడకి. ఆంటీ మనిషి కింద లెక్కకి రాకపోతే ఆయన భార్యకి ఆ శీతాకాలంలో ఎవరూ కద్దీష్ చెప్పనట్టే. ఆ మాట ఆంటీ అనొచ్చు. నేనైతే అనేసేదాన్ని, నా నోరు మంచిది కాదు. ఆవిడ అనలేదు. ముక్కులోంచి పుల్ల తీసి, బల్లమీద పెట్టి, మాస్కు పైకి లాక్కుని నిలబడింది.

టెస్టులన్నీ నెగెటివ్ వచ్చాయి. పెద్దాయన ఎవరితోనూ ఏమీ అనకుండా లోపలికి నడిచాడు. వెనకే మగాళ్ళు, చివర ఆంటీ. తొమ్మిది కుర్చీల్లో వాళ్ళు, పదో కుర్చీలో ఈవిడ. నేను గుమ్మంలో ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకున్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, మఫ్లర్‌తో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి కుర్చీల్ని కాదు, మొహాల్ని చూశాడు. ఒక్కో మాటా ఒక్కో మనిషికి మెల్లగా పంచుకుంటూ వచ్చాడు. తొమ్మిదో మాట అయింది. వేలు గాల్లో అలాగే ఉంది. తెరిచిన కిటికీలోంచి ట్రాము వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఎవరైనా లేచి వెళ్ళిపోతారేమోనని నేను గుమ్మానికి అడ్డంగా జరిగాను. పెద్దాయన ఆంటీ కళ్ళలోకి చూస్తూ పదో మాట పైకి అన్నాడు.

కద్దీష్‌కి ఇద్దరూ లేచారు. ఆంటీ మాస్కు తియ్యలేదు గానీ గొణగలేదు. ఆ క్రేను గొంతుతో చదివింది. రూలు గుర్తుచెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. సగంలో ఆవిడ ఆగిపోయింది. పెద్దాయన తనొక్కడే ముందుకు వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఆగాడు. అదే మాట దగ్గర నిలబడి, ఆవిడ మళ్ళీ అందుకునేదాకా చూశాడు. ఇద్దరూ కలిసి పూర్తిచేశారు.

ఆమెన్ అనాల్సిన మగాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నా చేతుల్లో ల్యాప్‌టాప్‌లోంచి వచ్చింది ఆమెన్. ఒక్కసారిగా కాదు, నెట్ స్లోగా ఉండి ఒకరి తర్వాత ఒకరిది, కొందరిది ముందు, కొందరిది ఆలస్యంగా, ఒకావిడది మరీ చివరికి, అందరూ అయిపోయాక. నాకు కళ్ళు చెమర్చి స్క్రీను కనిపించలేదు. వాళ్ళవి పూర్తయ్యేలోపు మగాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే అన్నారు.

అందరూ వెళ్ళాక పెరట్లో సామాను సర్దుతున్నాను. ఆంటీ మెట్టుమీద కూర్చుండిపోయింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, మొదటిసారి. ఆవిడ జుట్టు అంత తెల్లగా ఉంటుందని నాకు తెలీదు.

"మా అక్క ఇవాళ చనిపోయింది పిల్లా" అంది. వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చున్నాను.